నాటే ముందు చూడాలి
దోణిమలై కొండపై ఒక విద్యార్థి చేయదగిన పని
(ఆచార్య రామదేవ్ మిశ్రా స్మారక ఉపన్యాసం)



ఈ ఉపన్యాసం ఎవరి పేరు మీద జరుగుతున్నదో ఆయన్ని పన్నెండో తరగతి సైన్సు చదివిన పిల్లలు ఒకసారి చూసే ఉంటారు. ఎన్.సి.ఇ.ఆర్.టి. జీవశాస్త్ర పుస్తకంలో ఆవరణశాస్త్రం మొదలయ్యే చోట ఒక ఫొటో, పక్కన కొన్ని వాక్యాలు ఉంటాయి. పరీక్షలో అడగరు కాబట్టి చాలామంది పేజీ తిప్పేస్తారు. (నవ్వేవాళ్ళంతా తిప్పినవాళ్ళే అన్నమాట.) ఆ ఫొటోలోని మనిషి రామదేవ్ మిశ్రా. 1908 ఆగస్టు 26న పుట్టారు. ఇంగ్లండులో లీడ్స్ విశ్వవిద్యాలయంలో పియర్సాల్ దగ్గర పరిశోధన చేసి 1937లో డాక్టరేట్ అందుకున్నారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఆవరణశాస్త్ర బోధనకు, పరిశోధనకు పునాది వేశారు. ఈ దేశంలో ఆ సబ్జెక్టుకు తొలి పోస్టుగ్రాడ్యుయేట్ పాఠ్యక్రమం తయారుచేసింది ఆయనే. ఆయన దగ్గర 50 మందికి పైగా డాక్టరేట్లు తీసుకున్నారు. 1972లో కేంద్ర ప్రభుత్వం పర్యావరణ ప్రణాళిక, సమన్వయాల కోసం జాతీయ సంఘం వేసిందంటే దాని వెనక ఆయన కృషి ఉంది. పర్యావరణ మంత్రిత్వ శాఖకు దారి వేసింది ఆ సంఘమే.

ఇన్ని గౌరవాల మధ్య ఒక చిన్న పుస్తకం మరుగున పడుతుంది. 1968లో వచ్చిన ‘ఎకాలజీ వర్క్‌బుక్’. అందులో సిద్ధాంతం కంటే పని ఎక్కువ. నేల మీద చదరం ఎలా గీయాలి, అందులో మొక్కల్ని ఎలా లెక్కపెట్టాలి, లెక్కించినదాన్ని పట్టికగా ఎలా మార్చాలి అన్నది విద్యార్థి చేతికి అందేలా చెప్పిన పుస్తకం అది. ఖరీదైన పరికరాలు లేని కళాశాలల్లో కూడా తాడు, మేకులు, కాగితంతో అడవిని అధ్యయనం చేయవచ్చని తరాల విద్యార్థులు నేర్చుకున్నది ఇలాంటి పుస్తకాల నుంచే.

ఆ తాడూ మేకుల నుంచే ఈ సాయంత్రం చెప్పదలచిన మాట పుట్టింది. తవ్విన కొండ మీద మొక్క నాటడం రెండో పని. అక్కడ ఏం ఉండేదో, ఇప్పటికీ ఏం మిగిలిందో, దానంతటది ఏం మొలుస్తున్నదో రాసిపెట్టుకోవడం మొదటి పని. ఆ మొదటి పనిని ఏ శాఖ కోసమూ ఆగకుండా మొదలుపెట్టగలవాళ్ళు విద్యార్థులు. ఇది ఎందుకో అయిదు భాగాల్లో చూద్దాం.

1. రాతికి దొరికిన చదువు

దోణిమలై ఉన్న ఈ సండూరు కొండల రాయి 250 కోట్ల ఏళ్ళకు పైబడినది. ఇనుమూ సిలికా పొరలు పొరలుగా పేరుకున్న ఆ రాతిని చదివినవాళ్ళకు కొదవ లేదు. రాబర్ట్ బ్రూస్ ఫుట్ బళ్ళారి జిల్లా భూగర్భశాస్త్రం మీద రాసిన గ్రంథం 1895లోనే అచ్చయింది. 1958లో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ (ఎన్.ఎం.డి.సి.) ఏర్పడింది. 1977లో దోణిమలై గని పని మొదలుపెట్టింది. హైదరాబాదులో ప్రధాన కార్యాలయం ఉన్న ఆ సంస్థ వల్లే ఈ కన్నడ కొండ మీద ఇన్ని తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. ఈ రోజు ఏ బెంచిలో ఎంత శాతం ఇనుముందో, ఏ బోరులో ఎన్ని మీటర్ల దగ్గర రాయి మారిందో అడిగితే చెప్పగలిగేవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు.

మొక్కల సంగతి అడిగితే జవాబు అంత సూటిగా రాదు. చదువు లేదని కాదు. గాంబుల్ మొదలుపెట్టగా ఫిషర్ పూర్తిచేసిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాల గ్రంథం 1915 నుంచి 1936 వరకు భాగాలుగా వచ్చింది. అప్పటికి బళ్ళారి ఆ ప్రెసిడెన్సీలోనిదే. ఎన్.పి. సింగ్ రాసిన తూర్పు కర్ణాటక వృక్షజాలం 1988లో వెలువడింది. ఫలానా మొక్క ఈ ప్రాంతంలో ఉందా అంటే ఇవి చెబుతాయి. దోణిమలైకి పడమటి వాలులో ఎన్ని ఉన్నాయి, తూర్పు వాలులో ఎందుకు తక్కువ, గని మట్టి పోసిన డంపు కిందికి వచ్చాక ఏవి మాయమయ్యాయి అంటే చెప్పవు. వాటి పని అది కాదు కూడా.

సరిహద్దు దాటితే ఒక మంచి నమూనా ఉంది. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఆచార్య టి. పుల్లయ్య, ఆయన సహచరులు, పరిశోధక విద్యార్థులు కలిసి రాయలసీమ, తెలంగాణ జిల్లాల వృక్షజాలాన్ని ఒక్కొక్కటిగా నమోదు చేసుకుంటూ వచ్చారు. యశోదతో కలిసి ఆయన రాసిన అనంతపురం జిల్లా గ్రంథం 1989లో, వెంకటరాజుతో కలిసి రాసిన కర్నూలు జిల్లా గ్రంథం 1995లో వచ్చాయి. కొండలెక్కి నమూనాలు కోసి, కాగితాల మధ్య నొక్కి ఆరబెట్టి, పేరూ ఊరూ తేదీ రాసి అంటించిన పని అది. బళ్ళారి, అనంతపురం మధ్య గీసిన గీత మొక్కలకు తెలియదు. తంగేడు రెండు వైపులా ఒకేలా పూస్తుంది. కాబట్టి దోణిమలై విద్యార్థి మొదలుపెట్టేది ఖాళీ కాగితంతో కాదు. జిల్లా స్థాయిలో పెద్దలు చేసినదాన్ని వాలు స్థాయికి దించడమే మిగిలిన పని.

2. చెట్ల లెక్కలో పట్టనివి

ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న దేవదారి కొండల పేరు కొన్నేళ్ళుగా పత్రికల్లో నలుగుతోంది. స్వామిమలై అటవీ బ్లాకులో సుమారు 401 హెక్టార్ల అటవీ భూమిలో ఇనుప గని ప్రతిపాదన అది. వార్తల్లో ప్రతిసారీ కనబడే అంకె మాత్రం చెట్లది: 99 వేలకు పైగా కొట్టాల్సి వస్తుందని. ఆ అంకె విని గుండె కలుక్కుమన్నవాళ్ళున్నారు, అంతకు రెట్టింపు నాటితే సరి అన్నవాళ్ళూ ఉన్నారు. ఇద్దరూ ఒకే లెక్కను ఒప్పుకున్నట్టే. అడవి అంటే చెట్ల మొత్తం అన్నది ఆ లెక్క.

సండూరు కొండలది ఆకురాల్చే మెట్ట అడవి, దాని అంచుల్లో ముళ్ళ పొద. చిరుమాను, బిల్లుడు, చిగర, పాలకొడిశ, మోదుగ లాంటివి చెట్ల లెక్కలోకి వస్తాయి. తంగేడు, బందారు పొదలు రావు. వాటి కింద బోదగడ్డి రాదు. గడ్డి కుదుళ్ళ మధ్య వానకు లేచి ఎండకు మాయమయ్యే చిన్న మొక్కలు అసలే రావు. కానీ వాలు మీద పడిన వాన చుక్కను ముందు ఆపేది గడ్డి. మట్టిని పట్టి ఉంచేది దాని వేరు. చెట్టుకు చెట్టుకు మధ్య దూరం ఎక్కువుండే ఇలాంటి మెట్ట అడవిలో నేలను కప్పే బరువంతా ఈ కింది అంతస్తు మీదే పడుతుంది.

మిశ్రా గారి పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. విద్యార్థి ఒక వాలు మీద పది మీటర్ల చదరం గీసి అందులో చెట్లను లెక్కిస్తాడు. దాని లోపలే అయిదు మీటర్ల చదరంలో పొదల్ని, ఒక మీటరు చదరాల్లో గడ్డిని, చిన్న మొక్కల్ని లెక్కిస్తాడు. ఒక్క చదరంతో ఏమీ తేలదు. చదరాలు పెంచుకుంటూ పోతే ప్రతి కొత్త చదరంలో కనబడే కొత్త జాతులు తగ్గుతూ వస్తాయి. కొత్తవి దాదాపు ఆగిపోయిన చోట లెక్క చాలినట్టు.

తర్వాత రెండు అంకెలు రాసుకోవాలి. ఒక జాతి మొక్కలు మొత్తం ఎన్ని ఉన్నాయి, అవి ఎన్ని చదరాల్లో కనబడ్డాయి. రెండూ వేరు. వంద మొక్కలున్న జాతి రెండే చదరాల్లో గుంపుగా ఉంటే, ఆ రెండు చోట్లా డంపు పడితే చాలు, అది పోతుంది. ముప్పై మొక్కలే ఉన్నా ముప్పై చదరాల్లో చెదిరి ఉన్న జాతికి అంత ప్రమాదం లేదు. ఏ వాలును వదిలేయాలో చెప్పగలిగేది ఈ రెండో అంకె. చెట్ల మొత్తంలో అది కనబడదు. (గనిలో శాంప్లింగ్ చేసే అన్నలు ఇప్పటికే తల ఊపుతున్నారు. ఒక్క బోరు చూసి ఓర్ ఎంతుందో ఎవరూ చెప్పరు కదా.)

3. వానాకాలం చూడని లెక్క

గనుల ప్రాజెక్టుల పర్యావరణ ప్రభావ అధ్యయనానికి కేంద్రం ఇచ్చే ప్రామాణిక నిబంధనల్లో ఒక వాక్యం ఉంది. గాలి, నీరు, శబ్దం, నేల, మొక్కలు, జంతువుల మీద క్షేత్ర సమాచారాన్ని ఒక్క రుతువులో, అదీ వానాకాలం కాని రుతువులో, సేకరించాలి. గాలికి ఇది సబబే. వానలో దుమ్ము అణిగిపోతుంది కాబట్టి కాలుష్యం ఎంతో తెలియాలంటే పొడి రోజుల్లోనే కొలవాలి. దుమ్ముకు సరిపోయిన ఆ నియమమే మొక్కలకూ వర్తించింది.

డెన్మార్క్ వృక్షశాస్త్రవేత్త రౌంకియర్ మొక్కల్ని పూలను బట్టి కాక మరో రకంగా విభజించాడు. కష్టకాలంలో మొక్క తన మొగ్గను ఎక్కడ దాచుకుంటుంది అన్నది ఆయన ప్రశ్న. చెట్లు కొమ్మల మీదే ఉంచుకుంటాయి. గడ్డి కుదుళ్ళు నేల మట్టంలో దాచుకుంటాయి. దుంప మొక్కలు నేల లోపల దాచుకుంటాయి. ఏకవార్షికాలు మొక్కగా బతకడమే మానేసి విత్తనంగా మిగిలిపోతాయి. నేల ఎంత పొడిదైతే ఈ చివరి రకం వాటా అంత పెరుగుతుంది.

ఇప్పుడు ఏప్రిల్లో బళ్ళారి ఎండకు ఈ కొండెక్కిన సర్వేయరును ఊహించండి. కొమ్మల మీద మొగ్గలున్నవి ఆయనకు కనబడతాయి. అడవినాభి కనబడదు, అది దుంపగా నేలలో ఉంటుంది. నేలతాడీ కనబడదు. వానకు మొలిచి పూసి కాసి రెండు మూడు నెలల్లో ముగిసిపోయేవి గింజలుగా రాళ్ళ సందుల్లో ఉంటాయి. ఆయన నిజాయితీగానే చూస్తాడు, నిజాయితీగానే ‘పలుచని పొద అడవి’ అని రాస్తాడు. జులై నుంచి అక్టోబరు దాకా అదే వాలు మీద నడిచినవాడికి జాబితా ఎక్కడ ఆపాలో తోచదు.

ఒక్క రుతువే కాదు, కొన్నిటికి ఒక్క ఏడాది కూడా చాలదు. నీలకురింజి అనగానే మున్నారు గుర్తుకొస్తుంది. 2006లో, 2018లో అక్కడి కొండలు నీలమైనప్పుడు జనం బస్సులు కట్టుకుని వెళ్ళారు. ఆ జాతి సండూరు కొండల్లోనూ ఉంది. పన్నెండేళ్ళకోసారి పూసి, విత్తనం రాల్చి, తల్లి మొక్క చనిపోతుంది. మధ్యలో వచ్చినవాడికి అది పేరు తెలియని మామూలు పొద. పైగా పూత అయిన మరుసటి ఏడు దాని బతుకంతా నేల మీద రాలిన విత్తనంలో ఉంటుంది. ఆ ఏడు పైమట్టి ఎత్తేస్తే ఒక తరం మొత్తం దాంతో పోతుంది. పన్నెండేళ్ళ జాతిని మూడు నెలల సర్వే పట్టుకోలేదు. ఒకరి తర్వాత ఒకరు అదే చదరానికి వచ్చే విద్యార్థుల వరస పట్టుకోగలదు.

4. చూడకుండా నాటిన చరిత్ర

తొందరగా పచ్చబడాలన్న కోరిక మన సీమకు కొత్త కాదు. 1876లో మద్రాసు అటవీ శాఖలో పనిచేస్తున్న బెడ్డోమ్, మెట్ట ప్రాంతాలకు పనికొస్తుందని ఒక అమెరికా ముళ్ళ చెట్టు విత్తనాలు కావాలని కోరాడు. అవి వచ్చాయి. 1877 ప్రాంతంలో కడప జిల్లా కమలాపురంలో నాటారు. వంటచెరకు దొరికింది, కరువు నేల పచ్చబడింది. తర్వాత ఆ చెట్టు చెరువు గట్లెక్కింది, వాగుల్లోకి దిగింది, బీళ్ళన్నీ కమ్మింది. తెలుగులో సర్కారు తుమ్మ అంటాం. కన్నడిగులు దాన్ని బళ్ళారి జాలి అంటారు. ఈ జిల్లా పేరు మోస్తున్న చెట్టు ఈ జిల్లాది కాదన్నమాట.

బెడ్డోమ్ మామూలు అధికారి కాదు. దక్షిణ భారత వృక్షాల మీద బొమ్మలతో సహా గొప్ప గ్రంథం వెలువరించిన వృక్షశాస్త్రవేత్త. అంతటివాడికీ ఆ చెట్టు నూరేళ్ళలో ఏం చేస్తుందో ముందుగా తెలిసే మార్గం లేకపోయింది. ఇవాళ మనకా సాకు లేదు.

ఇక్కడ నాటడం కోర్టు ఆదేశంగా ఎలా మారిందో చూడండి. 2011 జులై 29న సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో ఇనుప ఖనిజం తవ్వకాలను ఆపింది. కొన్నాళ్ళకే పరిమితంగా తవ్వుకోవడానికి ఎన్.ఎం.డి.సి.కి అనుమతి వచ్చింది. ఆ రోజులు ఇక్కడివాళ్ళకు ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు. 2013 ఏప్రిల్ 18 తీర్పులో లీజులను ఏ, బీ, సీ తరగతులుగా విడదీసి, తీవ్ర ఉల్లంఘనలున్న సీ తరగతివాటిని రద్దు చేశారు. మిగిలినవాటికి పునరుద్ధరణ ప్రణాళికలు తప్పనిసరి అయ్యాయి. చెక్ డ్యాములు, అడ్డుగోడలు, డంపుల స్థిరీకరణ, మొక్కల పెంపకం అందులో భాగం. 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, తవ్వకం ముగిశాక ఆ నేలలో తిరిగి గడ్డి పెంచి, మేతకు, మొక్కలకు, జంతువులకు పనికొచ్చేలా చేయాలన్న షరతును లీజుల్లో పెట్టమంది.

గడ్డి పెంచాలి, సరే. ఏ గడ్డి? న్యాయస్థానం ఆ జాబితా ఇవ్వలేదు, ఇవ్వజాలదు కూడా. ఈ కొండ గడ్డి జాతుల జాబితా చేతిలో లేని కాంట్రాక్టరు మార్కెట్లో ఏ విత్తనం దొరికితే అది చల్లుతాడు. నర్సరీలో సులువుగా పెరిగే ఆస్ట్రేలియా తుమ్మ, గ్లిరిసీడియా, సుబాబుల్ మొక్కలే డంపుల మీదకు రావడానికీ కారణం ఇదే. వాటిని నాటినవాళ్ళను తప్పుపట్టి లాభం లేదు. బోదగడ్డి విత్తనమో, బిల్లుడు నారో కావాలని ముందుగా అడిగినవాళ్ళుండాలి కదా.

డంపు మీద మొలకెత్తేది నాటిన మొక్క ఒక్కటే కాదు. ఎవరూ నాటకుండానే బందారు వస్తుంది. తేలికైన రెక్కల కాయలు గాలికి కొట్టుకొచ్చి, పలుచటి మట్టిలోనే వేరూనుతాయి. దాని నీడలో కాస్త మట్టి నిలిస్తే గడ్డి వస్తుంది. పక్షులు రేగు, జాన గింజల్ని తెస్తాయి. సండూరుకు దగ్గర్లో 1994లో ఏర్పడిన దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యం ఉంది. రేల కాయలు, రేగుపళ్ళు తిని తిరిగే ఎలుగు పెంటలో గింజలు దూరాలు ప్రయాణిస్తాయి. ఈ కూలీలందరూ ఉచితంగా పనిచేస్తున్న డంపును చదును చేసి గుంటలు తీసి వరసలుగా మొక్కలు నాటితే ఒక్కోసారి నష్టమే ఎక్కువ. ఏ డంపును వదిలేయాలి, దేనికి సాయం చేయాలి అన్నది తేల్చాలంటే ముందు చదరం గీయాలి.

పైమట్టి గురించి ఒక మాట. పడమటి ఆస్ట్రేలియాలో బాక్సైట్ గనుల తర్వాత జారా అడవిని తిరిగి పెంచిన పరిశోధకులు ఒక సంగతి గమనించారు. ఎత్తిన పైమట్టిని గుట్టపోయకుండా వెంటనే మరోచోట పరిస్తే స్థానిక జాతులు ఎక్కువగా తిరిగొచ్చాయి. విత్తనాల్లో ఎక్కువ భాగం పైన కొద్ది సెంటీమీటర్లలోనే ఉంటుంది. గుట్టగా పోస్తే అవి అడుగున పడి చచ్చిపోతాయి. సండూరు ఎర్రమట్టికి ఇది ఎంతవరకు వర్తిస్తుందో తేల్చడానికి ప్రయోగశాల అక్కర్లేదు. తాజా మట్టి ఒక తొట్టిలో, గుట్టలో నిలవున్న మట్టి ఇంకో తొట్టిలో వేసి నీళ్ళు పోసి, మొలకలు లెక్కపెడితే చాలు. పాఠశాల వరండాలో చేయగల పని.

5. ఈ జూన్ నుంచి

(‘మరి గని మూసేయమంటారా?’ అన్న ప్రశ్న వెనక వరసల్లో గుసగుసగా వినబడుతోంది.) 2018 నవంబరు నుంచి 2021 ఫిబ్రవరి దాకా దోణిమలై గని ఆగినప్పుడు ఇక్కడి ఇళ్ళు ఎలా గడిచాయో తెలిసినవాళ్ళ ముందు అలాంటి మాట తేలికగా అనకూడదు. ఈ వాదానికి గని నడవడంతో పేచీ లేదు. ఎంత పెద్ద గనైనా ఒకనాడు ముగుస్తుంది. 2017 ఖనిజ సంరక్షణ నియమాలు దశలవారీగా, చివరగా మూసివేత ప్రణాళికలు ఉండాలంటున్నాయి. మూసేనాడు ఈ నేలను దేనిలా మార్చాలి అంటే చూపించడానికి ఒక నమూనా వాలు, దాని పాత లెక్క ఉండాలి. అది తవ్వకం సాగుతుండగానే రాయాలి, ఎందుకంటే చెదరని వాలులు ఇప్పుడే ఉన్నాయి.

కాబట్టి విద్యార్థి పని ఇది. మొదట అటవీ శాఖ అనుమతి, గని హద్దులో అయితే యాజమాన్యం అనుమతి, భద్రతా నియమాలు. తర్వాత మూడు రకాల చోట్లు ఎంచుకోవాలి: చెదరని వాలు ఒకటి, నాటిన డంపు ఒకటి, నాటకుండా వదిలిన డంపు ఒకటి. మూడింటిలో ఒకే కొలతల శాశ్వత చదరాలు వేసి, మూలల్లో రాళ్ళు పాతి, జి.పి.ఎస్. అంకెలు రాసుకోవాలి. ఏడాదికి కనీసం రెండుసార్లు, వానల్లోనూ ఎండల్లోనూ, అవే చదరాలు. రోడ్డుకు దగ్గరున్న చదరాల్లో ఆకుల మీది ఎర్ర దుమ్మును కడిగి, ఆరబెట్టి తూచి, దూరంగా ఉన్నవాటితో పోల్చాలి. దుమ్ము పేరుకున్న ఆకుకు వెలుతురు తగ్గుతుంది, పత్రరంధ్రాలు పూడుకుంటాయి. ఏ జాతి తట్టుకుంటుంది, ఏది తట్టుకోదు అన్నది తేలితే రోడ్డు పక్క ఏం నాటాలో తేలినట్టే.

పేర్లు తెలియనప్పుడు ఫోనులో ఫొటో ఒక్కటే నమ్ముకోకూడదు. ఊళ్ళో మేకలు కాసే పెద్దాయన్ని, ఆకుమందు తెలిసిన అమ్మను అడగాలి. వాళ్ళు కన్నడంలో చెబితే కన్నడంలో, తెలుగులో చెబితే తెలుగులో అలాగే రాయాలి. తర్వాత నమూనాను నొక్కి ఆరబెట్టి నందిహళ్ళి స్నాతకోత్తర కేంద్రంలోనో, అనంతపురం విశ్వవిద్యాలయంలోనో గుర్తించే ఆచార్యులకు చూపాలి. అరుదైనదని అనుమానం వస్తే కోయవద్దు. పువ్వు, కాయ, ఆకు ఫొటోలు తీసి చోటు రాసుకుంటే చాలు.

రాసిన పట్టిక మూడు ప్రతులు ఉండాలి. ఒకటి బడి గ్రంథాలయంలో, ఒకటి అటవీ శాఖ దగ్గర, ఒకటి గని పర్యావరణ విభాగంలో. చదువు ముగించి వెళ్ళిపోయే విద్యార్థి వచ్చే ఏటి విద్యార్థిని కొండెక్కించి రాళ్ళు చూపించి మరీ వెళ్ళాలి. అయిదో ఏట నాటిన డంపు పట్టికనూ, వదిలిన డంపు పట్టికనూ పక్కపక్కన పెట్టినప్పుడు ఏది వాలు పట్టికకు దగ్గరగా వచ్చిందో ఎవరైనా చూడవచ్చు. అప్పుడు నర్సరీకి ఇచ్చే ఆర్డరు మారాల్సి వస్తే మారుతుంది.

 ఇక ప్రశ్నలు. ఏ డంపు మీద ఎవరూ నాటని మొక్క ముందు మొలిచిందో రోజూ ఆ పక్కనుంచే వెళ్ళే డంపర్ ఆపరేటర్లకు తెలిసి ఉంటుంది, కాబట్టి మైకు ముందు వాళ్ళకివ్వండి. పిల్లలు పుస్తకం తీసి రాసుకోవాలి.